మొప్పల మీద మూత ఉన్న మృదులాస్థి చేప: కైమీరా గురించి కొన్ని సందేహాలు

తుంగభద్ర జంతుశాస్త్రం (కర్నూలు) – ప్రశ్న

నేను కర్నూలులో ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తున్నాను. మృదులాస్థి చేపల పాఠం నడుస్తుండగా ఒక విద్యార్థిని నాకొక వీడియో చూపించింది. అమెరికాలోని మాంటెరీ బే సముద్ర పరిశోధన సంస్థ వారు 2009లో మనిషి లేకుండా నడిచే జలాంతర వాహనంతో చిత్రీకరించి, 2016లో విడుదల చేసిన వీడియో అది. లేత నీలం కలిసిన బూడిద రంగు ఒళ్లు, మొనదేరిన ముక్కు, పెద్ద కళ్లు, తల మీద దారంతో కుట్లు వేసినట్టున్న గీతలు, చివరికి వెళ్లేకొద్దీ సన్నబడిపోయే తోక ఉన్న ఒక చేప అందులో నెమ్మదిగా ఈదుతూ కనిపిస్తుంది. అది కైమీరాలు అనే చేపల గుంపులోని హైడ్రోలాగస్ ట్రోలి అనే జాతి కావచ్చని పరిశోధకులు అన్నారు. నమూనా చేతికి రాకుండా వీడియో చూసి జాతిని ఖాయం చేయలేం కాబట్టి వారు ఆ "కావచ్చు" అన్న మాటను వదల్లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మృదులాస్థి చేపలకు మొప్ప చీలికలు విడివిడిగా ఉంటాయని, వాటిపై మూత ఉండదని, చర్మమంతా సూక్ష్మమైన ప్లాకాయిడ్ పొలుసులతో గరుకుగా ఉంటుందని, దంతాలు ఆ పొలుసుల రూపాంతరాలేనని నేను అంతకుముందు రోజే చెప్పి ఉన్నాను. కైమీరాకు మొప్పల మీద మూత ఉంది, చర్మం నున్నగా ఉంది, నోట్లో విడివిడి దంతాలకు బదులు పలకలు ఉన్నాయని చదివాను. అలాంటప్పుడు దీన్ని ఆ వర్గంలో ఏ ఆధారంతో ఉంచుతున్నారు? పిల్లలకు ఈ విషయం ఎలా చెప్పాలి?

దీనితో పాటు వాళ్లు అడిగినవి మరో మూడు ఉన్నాయి. రెండు వేల మీటర్ల లోతులో అంత ఒత్తిడికి ఈ చేప ఎందుకు నలిగిపోదు? మన దేశపు సముద్రాలలో ఇది ఉందా? ఒకప్పుడు మన ప్రాంతమంతా సముద్రమే అంటారు కదా, కడప బండలలో దీని శిలాజం దొరుకుతుందా? తెలిసినవారు వివరంగా రాస్తే తరగతిలో చదివి వినిపిస్తాను.

పెన్నాతీరం (కడప, విశ్రాంత అధ్యాపకుడు)

మేడమ్, మీ విద్యార్థిని అడిగినది చాలా మంచి ప్రశ్న. పాఠ్యపుస్తకంలోని ఆ వాక్యాలు తప్పు కావు గానీ, అవి వర్గం మొత్తానికీ కాక దానిలోని పెద్ద శాఖకు మాత్రమే సరిగ్గా వర్తిస్తాయి. మృదులాస్థి చేపలలో రెండు ఉపవర్గాలున్నాయి. సొరచేపలు, టేకు చేపలు, రంపపు చేపలు ఇలాస్మోబ్రాంకై అనే ఉపవర్గంలోకి వస్తాయి. వీటి జాతులు వెయ్యికి పైనే ఉన్నాయి. రెండవదైన హోలోసెఫలైలో నేడు మిగిలినవి కైమీరాలు ఒక్కటే, వాటి జాతులు యాభై పైచిలుకు. ఈ రెండు శాఖలూ దాదాపు 40 కోట్ల ఏళ్ల క్రితమే విడిపోయాయి. వర్గ లక్షణాలను రాసేవారు ఎక్కువ జాతులున్న శాఖను ముందు పెట్టుకొని రాయడం సహజం కాబట్టి, చిన్న శాఖ ఆ వివరణలో ఇమడక బయట మిగిలిపోయింది.

రెండింటినీ కలిపి ఉంచే లక్షణాలు మొప్పల మూతలో గానీ పొలుసులలో గానీ లేవు. అస్థిపంజరం జీవితాంతం మృదులాస్థిగానే ఉండటం, అది గట్టిపడవలసిన చోట ఎముకగా మారకుండా కాల్షియం లవణాలను పేర్చుకోవడం, మగ చేపలో శ్రోణివాజాల (పొట్ట కింది రెక్కల) లోపలి అంచు నుంచి ఆలింగకాలు (ఆడ చేపలోకి వీర్యాన్ని చేర్చే అవయవాలు) ఏర్పడి అంతర ఫలదీకరణ జరగడం, రక్తంలో యూరియాను నిలువ ఉంచుకొని సముద్రజలపు లవణ సాంద్రతకు సరితూగడం, గాలితిత్తి లేకపోవడం వంటివన్నీ సొరలోనూ కైమీరాలోనూ ఒకే విధంగా కనిపిస్తాయి. జన్యువుల పోలిక కూడా ఇదే సంబంధాన్ని చెబుతుంది.

ఇక మొప్పల మూత సంగతి. బొచ్చె, శీలావతి వంటి మన మంచినీటి చేపల తల పక్కన తెరచుకొనేది ఎముక పలకలతో కట్టిన మూత. కైమీరాకు ఉన్నది మృదులాస్థి ఊతగా ఉన్న కండగల చర్మపు మడత. దాని లోపల మొప్ప చీలికలు నాలుగు ఉంటాయి, బయటికి మాత్రం తలకు ఇరువైపులా ఒక్కొక్క రంధ్రమే కనిపిస్తుంది. పని ఒకటే అయినా ఆ రెండు మూతల నిర్మాణం వేరు, పుట్టుక వేరు. పిల్లలకు సమరూపత (పని ఒకటే, పుట్టుక వేరు), సమజాతత (పుట్టుక ఒకటే) అనే భావాలను వివరించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. గబ్బిలం రెక్కనూ సీతాకోకచిలుక రెక్కనూ ఎన్నేళ్లని చెబుతాం!

దవడ విషయంలో కైమీరా మరింత ప్రత్యేకమైనది. సొరచేపలో పైదవడ కపాలానికి అతుక్కొని ఉండదు, అందుకే అది ఎరను పట్టేటప్పుడు దవడను ముందుకు చాపగలదు. కైమీరాలో పైదవడ కపాలంతో పూర్తిగా కలిసిపోయి ఉంటుంది. ఆ గట్టి అమరికకు తగినట్టుగానే నోట్లో మూడు జతల దంత పలకలుంటాయి. పైన రెండు జతలు, కింద ఒక జత. సొరచేప దంతాలు వరుసలు వరుసలుగా రాలిపోయి కొత్తవి వస్తుంటే, ఈ పలకలు రాలకుండా అరిగినంత మేరా అడుగు నుంచి పెరుగుతూనే ఉంటాయి. సముద్రపు అడుగున ఉండే పీతలు, నత్తలు, ఆల్చిప్పలు, సముద్రపు ముళ్లకాయలు దీని ఆహారం కాబట్టి కోరికే దంతాల కంటే నలగ్గొట్టే పలకలే దీనికి అవసరం. మరొక వింత ఏమిటంటే ఈ చేపకు జఠరం లేదు; నలిగిన ఆహారం అన్ననాళం నుంచి నేరుగా పేగులోకి వెళుతుంది. సొరచేపలకు ఉండే అవస్కరం (అన్నింటికీ ఒకటే అయిన ద్వారం) కూడా దీనికి లేదు, మలద్వారమూ జననమూత్ర రంధ్రమూ విడివిడిగా ఉంటాయి. సొరలలో కంటి వెనుక ఉండే చిన్న శ్వాసరంధ్రం (స్పైరకిల్) పెద్ద కైమీరాలో కనిపించదు. వెన్నెముకలో పూసల మధ్యభాగాలు ఏర్పడక, పిండదశలో ఊతకడ్డీలా ఉండే పృష్ఠవంశం (నోటోకార్డ్) జీవితాంతం అలాగే నిలిచి ఉంటుంది.

పొలుసులు పూర్తిగా లేవనడం కూడా సరికాదు. పిండదశలో వీపు మీద సన్నని పొలుసుల వరుసలు కనిపిస్తాయి. పెద్దయ్యాక అవి చాలావరకు పోయి, మగ చేప ఆలింగకాల వంటి కొన్ని చోట్ల మాత్రమే మిగులుతాయి. మగ చేపకు నుదుటి మీద ముళ్లతో నిండిన ఒక కొక్కెం ఉంటుంది. దానిని ముందుకు వంచి ఆడ చేప ఉరోవాజాన్ని (ఛాతీ పక్క రెక్కను) పట్టుకుంటుంది. ఆ ముళ్లు మామూలు చర్మపు పొలుసులేనని చాలాకాలం అనుకున్నారు. 2025లో అమెరికన్ పరిశోధకులు ఉత్తర పసిఫిక్‌కు చెందిన మచ్చల కైమీరాను పరీక్షించి, అవి దంత పట్టీ అనే కణజాలం నుంచి పుట్టే నిజమైన దంతాలని చూపించారు. సకశేరుకాలలో ఆ కణజాలం దవడకు బయట పనిచేస్తున్నట్టు అంతకుముందు ఎవరూ చూడలేదు. కనుక "దంతాలు పొలుసుల రూపాంతరాలే" అన్న వాక్యాన్ని చెప్పేటప్పుడు, ఆ సంబంధం మీద నేటికీ పరిశోధన జరుగుతోందని ఒక మాట కలపడం మంచిది.

శిలాజాల వైపు నుంచి చూసినా ఈ బంధుత్వం గట్టిపడింది. దక్షిణాఫ్రికాలోని కరూ ప్రాంతంలో 1980లలో దొరికిన, సుమారు 28 కోట్ల ఏళ్ల నాటి ఒక చేప కపాలాన్ని సీటీ స్కాన్ చేసి, షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ కోట్స్ బృందం 2017లో ఫలితాలను ప్రకటించింది. పైకి సొరచేప తలలా కనిపించిన ఆ కపాలం లోపల మెదడు గది, చెవి కాలువల అమరిక మాత్రం కైమీరాను పోలి ఉన్నాయి. డ్వైకాసెలకస్ అని పేరున్న ఈ శిలాజం వల్ల, సొరల వంటివని భావించిన కొన్ని పురాతన చేపలను కైమీరాల వైపు జరపవలసి వచ్చింది.

పరీక్షలో మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నదే రాయించండి, అక్కడ వాదనకు చోటు లేదు. తరగతిలో ఆ వాక్యానికి ముందు "సొరలలోనూ టేకు చేపలలోనూ" అన్న రెండు మాటలు చేర్చి చెబితే చాలు.

అనంత విద్యార్థిని (అనంతపురం, ఎమ్మెస్సీ జంతుశాస్త్రం)

సార్ చెప్పినదానికి కొనసాగింపుగా లోతు గురించి రాస్తున్నాను. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి 2000 మీటర్ల దగ్గర అది దాదాపు 200 రెట్లు ఉంటుంది. అయితే ఒత్తిడికి కుంచించుకుపోయేది ప్రధానంగా గాలి. నీరు, నూనె, కండరం చాలా స్వల్పంగా మాత్రమే కుదించుకుంటాయి. కైమీరా ఒంట్లో గాలితిత్తి లేదు, ఊపిరితిత్తులు లేవు, గాలి నిండిన గది అంటూ ఏదీ లేదు. బయటి ఒత్తిడి ఎంత ఉంటే లోపలి ద్రవాలలోనూ అంతే ఉంటుంది కాబట్టి నలిగిపోవడమనే ప్రమాదమే దానికి లేదు. లోతు నుంచి వలతో పైకి లాగినప్పుడు గాలితిత్తి ఉన్న కొన్ని చేపల పొట్ట నోట్లో నుంచి బయటికి ఉబికి వస్తుంది. కైమీరాకు ఆ గతి పట్టదు.

అలాగని ఒత్తిడి దానికి లెక్కలోనిదే కాదనుకోకూడదు. అసలు ఇబ్బంది అణువుల స్థాయిలో ఉంటుంది. అధిక పీడనం కింద ప్రోటీన్లు తమ ఆకారాన్ని కోల్పోయి ఎంజైములు మందగిస్తాయి, పైగా రక్తంలో ఉన్న యూరియాకు కూడా ప్రోటీన్లను చెడగొట్టే గుణముంది. ఈ రెండింటికీ విరుగుడుగా మృదులాస్థి చేపల కండరాలలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ ఆ చేపలలో ఇది పెరుగుతూ, యూరియా తగ్గుతూ పోతుందని కొలిచి చూపించారు.

తేలే విధానం కూడా చెప్పాలి. గాలితిత్తి లేని లోటును పెద్ద కాలేయంలోని నూనె తీరుస్తుంది. నూనె నీటి కంటే తేలిక కాబట్టి, నూనె నిండిన కాలేయమే చేపను మునిగిపోకుండా నిలుపుతుంది. ఈత కూడా సొరచేప ఈతలా ఉండదు. సొర తోకను పక్కలకు కొట్టుకుంటూ దూసుకుపోతే, కైమీరా వెడల్పాటి ఉరోవాజాలను పైకీ కిందికీ ఆడిస్తూ అడుగు నేలకు కాస్త ఎత్తులో నిదానంగా సాగుతుంది. మేడమ్ గారు వీడియోలో గమనించిన నెమ్మది అదే. ఆహారం తక్కువగా దొరికే చోట వేగం కోసం శక్తిని ఖర్చు చేయడం ఏ జీవికీ గిట్టుబాటు కాదు.

200 మీటర్లు దాటితే కిరణజన్య సంయోగక్రియకు చాలినంత వెలుగు ఉండదు, 1000 మీటర్లు దాటాక సూర్యకాంతి లేనట్టే. కైమీరా కళ్లు పెద్దవి, రెటీనా వెనుక కాంతిని తిప్పికొట్టే పొర ఉంటుంది. పైకి తెచ్చినప్పుడు అవి ఆకుపచ్చగా మెరుస్తాయి. తల మీది గీతలు పార్శ్వరేఖా వ్యవస్థకు చెందినవి. కైమీరాలలో చాలావాటికి అవి మూసుకొన్న గొట్టాలుగా కాక తెరచిన కాలువలుగా ఉండటం వల్ల అంత స్పష్టంగా కనిపిస్తాయి. నీటిలో కలిగే సన్నటి కదలికను అవి పసిగడతాయి. ముక్కు మీదున్న లొరెంజిని ఎంపుల్లాలు బురదలో దాగిన పీత కండరాల నుంచి వెలువడే అతి స్వల్పమైన విద్యుత్తును కూడా గుర్తిస్తాయి. పొడవు ముక్కు కైమీరాలలో ఆ ముక్కు అంత సాగి ఉండటానికి కారణం ఈ గ్రాహకాలకు చోటు కల్పించడమేనని భావిస్తారు.

కైమీరాలన్నీ లోతులలోనే ఉంటాయని కూడా అనుకోకూడదు. ఎక్కువ జాతులు 200 నుంచి 2600 మీటర్ల మధ్య, అంటే ఖండతీరపు వాలు మీద బతుకుతాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరాలలోని ఏనుగు చేప అనే జాతి మాత్రం గుడ్లు పెట్టే కాలంలో లోతు తక్కువ ఉన్న అఖాతాలలోకి వస్తుంది. ఇంత కాలం పరిశోధనశాలలకు అందిన సమాచారంలో ఎక్కువ భాగం ఈ జాతి నుంచీ, సార్ చెప్పిన మచ్చల కైమీరా నుంచీ వచ్చినదే. గుడ్లు తోలు వంటి గట్టి తొడుగులో, ఒక్కసారికి రెండు చొప్పున బయటికి వస్తాయి. తల్లి వాటిని అడుగున వదిలి వెళ్లిపోతుంది, పిల్ల బయటపడటానికి నెలలు పడుతుంది, కొన్ని జాతులలో ఏడాది వరకూ పట్టవచ్చు.

3000 మీటర్లు దాటితే మృదులాస్థి చేపలు దాదాపు కనిపించవన్నది నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించిన విషయం. అరుదుగా కొన్ని ఆ గీతను కొద్దిగా దాటినా, మహాసముద్రాల అడుగులో అత్యధిక భాగం వాటికి అందనిదే. ఎముక చేపలు మాత్రం 8000 మీటర్ల దిగువన కూడా ఉన్నాయి. 2022లో జపాన్ దగ్గర 8336 మీటర్ల లోతులో నత్తచేపను చిత్రీకరించారు. నూనె నిండిన పెద్ద కాలేయాన్ని పోషించాలంటే కొవ్వు ఉన్న ఆహారం కావాలి, అంత లోతులో అది దొరకదు, అందుకే అవి అక్కడికి చేరలేదన్నది 2006లో ఇమాంట్స్ ప్రీడ్ బృందం చేసిన ప్రతిపాదన.

పెన్నాతీరం (కడప, విశ్రాంత అధ్యాపకుడు)

అమ్మా, చక్కగా రాశావు. చివరి అంశంలో మాత్రం నేను ఆహారపు వాదన కంటే రసాయనపు వాదనకే ఎక్కువ బరువు ఇస్తాను. నువ్వే రాసినట్టు లోతుతో పాటు ఒక పదార్థం పెరుగుతూ యూరియా తగ్గుతోంది. సముద్రజలంతో సమతూకం చెడకుండా ఆ మార్పిడిని కొంతవరకే చేయవచ్చు. యూరియా తగ్గవలసినంతా తగ్గిపోయాక ఇంకా దిగాలంటే ఒంట్లో కరిగి ఉన్న పదార్థాల సాంద్రత సముద్రజలాన్ని మించిపోతుంది. ఆ హద్దు 3000 మీటర్ల చుట్టుపక్కలే పడుతుందని కొలతలు సూచిస్తున్నాయి. అయినా ఒక కారణం నిజమైతే మరొకటి అబద్ధం కావాలని లేదు. లోతుకు దిగేకొద్దీ తిండి తక్కువై, ఒళ్లు కూడా సహకరించకపోతే రెండూ కలిసే అడ్డుపడతాయి.

నాపరాయి (కడప జిల్లా)

శిలాజాల ప్రశ్నకు క్లుప్తంగా జవాబు రాస్తాను. నేను వృత్తిరీత్యా రాళ్లతో పనిచేసేవాడిని. మన ప్రాంతం సముద్రం కింద ఉండేదన్న మాట నిజమే. కడప బేసిన్ అని పిలిచే ఈ శిలా సముదాయం చాలావరకు లోతు తక్కువ సముద్రంలో పేరుకున్న ఒండ్రు నుంచి ఏర్పడింది. అయితే ఆ సముద్రం కాలం వేరు. వేంపల్లె సున్నపు, డోలమైటు రాళ్ల వయసు 150 కోట్ల ఏళ్లకు పైమాటే. వాటిలో కనిపించే పొరలు పొరలుగా ఉన్న గుమ్మటాలు స్ట్రొమటోలైట్లు, అంటే సూక్ష్మజీవుల చాపలు కట్టిన నిర్మాణాలు. వాటి తరువాతిదైన కర్నూలు సముదాయపు నార్జి సున్నపురాయి కూడా, బెలుం గుహలు తొలిచి ఉన్నది అందులోనే, చేపలు పుట్టకముందటిదే. మృదులాస్థి చేపల తొలి ఆనవాళ్లు 45 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ ఉన్న రాళ్లలో మొదలవుతాయి కాబట్టి, కడప బండలో కైమీరా శిలాజం దొరికే అవకాశమే లేదు.

బండల మీద చెట్టు కొమ్మల్లా, కొన్నిసార్లు చేప ముల్లులా కనిపించే నల్లటి అచ్చులను చూసి పిల్లలు శిలాజమని పొరబడుతుంటారు. అవి రాతి పగుళ్లలోకి చేరిన నీటి నుంచి మాంగనీసు ఆక్సైడ్ పేరుకోవడం వల్ల ఏర్పడే డెండ్రైట్లు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలలో దొరికిన ఎముకలు నిజమైన శిలాజాలే గానీ, అవి ఎంతో ఇటీవలి కాలపు నేల జంతువులవి.

తుంగభద్ర జంతుశాస్త్రం (కర్నూలు)

అందరికీ కృతజ్ఞతలు. నాపరాయి గారి జవాబు చదివితే పిల్లలు కొంత నిరాశ పడతారు గానీ, ఆ వయసుల తేడా తెలియడం వాళ్లకు అవసరమే. సార్, మరొక్క సందేహం ఉంది. ఎముక ఏర్పడని చేపలు ముందు, ఎముక చేపలు తరువాత వచ్చాయని, అంటే మృదులాస్థి ఆదిమ లక్షణమని చాలా పుస్తకాలలో ధ్వనిస్తుంది. దానిని అలాగే చెప్పవచ్చా?

పెన్నాతీరం (కడప, విశ్రాంత అధ్యాపకుడు)

అలా చెప్పకపోవడమే మంచిది మేడమ్. సొరలూ కైమీరాలూ విడివడక ముందే ఎముక కవచాలున్న ప్లాకోడెర్మ్ చేపలు ఉండేవి. వాటిలో ఎముక ఒంటిపైన కవచంగా మాత్రమే ఉండేదని, లోపలి అస్థిపంజరం మృదులాస్థేనని అనుకునేవారు. మంగోలియాలో దొరికిన, సుమారు 41 కోట్ల ఏళ్ల నాటి మింజినియా అనే చేప కపాలం లోపల కూడా నిజమైన ఎముక ఉందని 2020లో వెల్లడైంది. ఈ చేప, సొరలకూ ఎముక చేపలకూ ఉమ్మడి పూర్వీకులుగా ఉండిన వాటికి దగ్గరిది. కాబట్టి నేటి మృదులాస్థి చేపలు ఎముకను ఇంకా సంపాదించుకోనివి కావు, వాటి పూర్వీకులకు ఉన్న ఎముకను వదులుకున్నవి అని అనుకోవడానికే ఆధారాలు ఎక్కువగా ఉన్నాయి.

దీనిలో జన్యువుల పాత్రను కూడా కైమీరాలే చూపించాయి. అనంతపురం అమ్మాయి ప్రస్తావించిన ఏనుగు చేప జన్యుపటాన్ని సింగపూర్‌కు చెందిన బైరప్ప వెంకటేశ్ బృందం 2014లో ప్రచురించింది. దాని పరిమాణం సుమారు వంద కోట్ల క్షారజంటలు (డీఎన్ఏలోని అక్షరాల వంటివి), అంటే మానవ జన్యుపటంలో మూడో వంతు. మృదులాస్థి చేపలలో పూర్తి జన్యుపటాన్ని ముందుగా దీనికే చదవడానికి ఆ చిన్న పరిమాణం ఒక ముఖ్య కారణం. కాల్షియాన్ని పట్టి ఎముకగా కట్టే ప్రోటీన్ల జన్యు కుటుంబం ఒకటి ఎముక చేపలలోనూ మనలోనూ ఉంది, ఏనుగు చేపలో లేదు. జీబ్రా చేపలో ఆ కుటుంబానికి చెందిన జన్యువు పనిని అణచివేసి చూస్తే ఎముక ఏర్పడటం తగ్గింది. అప్పటివరకు పరీక్షించిన సకశేరుకాలన్నింటిలో, సజీవ శిలాజమని పేరు మోసిన సీలకాంత్ చేప కంటే కూడా, దీని జన్యుపటమే అతి నెమ్మదిగా మారుతోందని అదే పరిశోధనలో తేలింది. అందుకే మన వంశంలో ఏయే జన్యువులు ఎంత పాతవో తెలుసుకోవడానికి దీనిని కొలబద్దగా వాడుతున్నారు.

ప్రొద్దుటూరు ప్రవాసి (కొచ్చి)

మాది ప్రొద్దుటూరు, చేపల ఎగుమతి పనిమీద కొచ్చిలో ఉంటున్నాను. మన సముద్రాలలో ఉందా అన్న ప్రశ్న ఇంకా మిగిలింది కాబట్టి రాస్తున్నాను. ఉంది. కేరళ తీరానికి పడమరగా, ఖండతీరపు వాలు మీద లోతు రొయ్యల కోసం వెళ్లే ట్రాలర్ల వలలలో నియోహారియోటా పిన్నాటా అనే పొడవు ముక్కు కైమీరా పడుతుంది. 2000 ప్రాంతం నుంచి కొల్లం దగ్గరి క్విలాన్ బ్యాంక్ అనే సముద్ర వేట ప్రాంతంలో ఈ రొయ్యల వేట పెరిగింది, దానితో పాటే రేవులలో ఈ చేప కనిపించడమూ పెరిగింది. ఎవరూ దీనికోసం వల వేయరు, రొయ్యలతో కలిసి వస్తుంది. కోసేవాళ్లు ముందు చూసేది కాలేయాన్నే, ఎందుకంటే ధర పలికేది ఆ నూనెకు.

లోతు సొరల విషయంలో ఈ నూనె వ్యాపారం ఎంత నష్టం చేసిందో తీరంలో అందరికీ తెలుసు. వాటి కాలేయంలో ఉండే స్క్వాలీన్ అనే నూనె పదార్థాన్ని సౌందర్య సాధనాలలో, కొన్ని టీకాలలో వాడతారు. లోతు నీటి సొరలు, టేకు చేపలలో ఏడింటిలో ఒక జాతి అంతరించే ప్రమాదంలో ఉందని 2024లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం లెక్క కట్టింది. కారణాలుగా నూనెనూ మాంసాన్నీ పేర్కొంది. అనంతపురం అమ్మాయి రాసినట్టు ఈ జీవులు ఎదిగేది ఆలస్యం, గుడ్లు పెట్టేది కొద్ది. ఒకసారి తగ్గిన సంఖ్య మళ్లీ నిండటానికి దశాబ్దాలు పడుతుంది. న్యూజిలాండ్‌లో ఏనుగు చేపను కోటా విధానం కింద పట్టి, వేపుడు చేపగా అమ్ముతారు. అక్కడ ఎంత పట్టాలన్నది ముందే నిర్ణయిస్తారు. ఇక్కడ వలలో అనుకోకుండా పడే చేపకు అలాంటి లెక్క పెట్టడం కష్టం. రేవులో దించినవాటిని జాతుల వారీగా రాసుకోవడమే ముందుగా జరగవలసిన పనని నా అభిప్రాయం.

ఇంకా పేరు పెట్టని జాతులు కూడా ఉన్నాయి. 2024లోనే న్యూజిలాండ్ తూర్పున చాథమ్ రైజ్ అనే సముద్రగర్భపు మిట్ట దగ్గర సేకరించిన నమూనాల ఆధారంగా హారియోటా ఏవియా అనే కొత్త జాతిని వర్ణించారు. అది కూడా పొడవు ముక్కుదే.

మేడమ్, మీ కళాశాల ప్రయోగశాలకు నమూనా కావాలంటే తీరంలోని మత్స్య పరిశోధన సంస్థలకు కళాశాల తరఫున లేఖ రాయండి, రేవులో బేరమాడి కొనవద్దు. నమూనా చేతికి వస్తే రెండు విషయాలు గమనించండి. నియోహారియోటాలో తోక కింద ఆసనవాజం విడిగా కనిపిస్తుంది; మిగిలిన పొడవు ముక్కు కైమీరాల నుంచి దీనిని వేరు చేసేది అదే. మొదటి పృష్ఠవాజం (వీపు రెక్క) ముందు నిటారుగా లేచే ముల్లు ఉంటుంది, కైమీరాలలో చాలావాటికి దానిలో విషగ్రంథి ఉంటుంది. గుచ్చుకుంటే ప్రాణాపాయం లేకపోయినా నొప్పి గట్టిగానే ఉంటుంది. చచ్చిన చేప అయినా సరే, ఫార్మలిన్‌లో పెట్టే ముందు ఆ ముల్లుకు ఒక రబ్బరు గొట్టం ముక్క తొడిగించి, పిల్లలను తోక వైపు నుంచి పట్టుకోమనండి.